కోతకు పెట్టిన మిషను

ప్రభుత్వ పథకంలో పదిహేను లక్షలు అడిగి, ఒక్క రూపాయి కూడా కోత పడకుండా పదిహేను లక్షలూ మంజూరు చేయించుకున్నవాళ్ళు గుంటూరులో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నేనొకదాన్ని. ఈ మాట పెళ్ళి భోజనాల దగ్గర చెబుతాను, బస్సులో పక్క సీటు ఆవిడకి చెబుతాను, డెంటిస్టు దగ్గర నోరు తెరిచేముందు కూడా ఒకసారి చెప్పాను. నాకు కావలసింది తొమ్మిది లక్షలేనన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పను.

మిగతా ఆరు లక్షలు ఎందుకు అడిగానో తెలియాలంటే మా నాన్న కొట్టు తెలియాలి. పన్నెండు అడుగుల కిరాణా కొట్టు. ముందు మూడు మెట్లు. నేను అక్షరాలు దిద్దింది ఆ మెట్ల మీదే, బేరం నేర్చింది కూడా అక్కడే. నాన్న దగ్గర రెండు సూత్రాలు ఉండేవి. ఒకటి, ఏది అడిగినా కోతకు కొంత కలిపి అడగాలి. ఎదుటివాడికి తగ్గించిన తృప్తి కావాలి కాబట్టి, తగ్గించుకోవడానికి ఏదో ఒకటి మనమే వాడి చేతికివ్వాలి. రెండోది మెట్ల సూత్రం. బేరం కుదరక మనిషి వెళ్ళిపోతుంటే మొదటి మెట్టు మీద పిలవకూడదు, మనం లోకువైపోతాం. మూడో మెట్టు దిగనివ్వకూడదు, పక్క కొట్టుకి పోతాడు. రెండో మెట్టు మీద కాలు పెట్టగానే, తల ఎత్తకుండా, పొట్లం కడుతూనే, "సరే రా, తీసుకో" అనాలి. నాన్న ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

నాకు ఊరి చివర అద్దె షెడ్డులో కారం పట్టే చిన్న మిల్లు ఉంది. ఎండుమిరపకాయలు కొని, ముచ్చికలు తీయించి, కారం పట్టించి, ప్యాకెట్లు చేసి కొట్లకు వేస్తాను. ముచ్చిక అంటే కాయకుండే తొడిమ. అది పోకపోతే కారం రంగు చెడుతుంది. ఆ పనికి మా షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు ఉండేవారు. గోనెపట్టాల మీద కూర్చుని, ముక్కుకీ నోటికీ పాత చీరముక్క చుట్టుకుని, చేతులకు నూనె రాసుకుని, కిలోకి తొమ్మిది రూపాయల లెక్కన తీసేవారు. వాళ్ళకు పెద్ద ఒకావిడ. నాకంటే పదేళ్ళు పెద్దది, నేను అక్కా అంటాను, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది. పనికి కూర్చునే ముందు "స్తోత్రం" అని ఒక్క మాట పైకి అనేది. ఆదివారం చర్చి ఉందని రానంటే రాదు, ఎంత సరుకు గుట్టపడి ఉన్నా సరే. నేను మిల్లు పెట్టిన మొదటి రోజు నుంచి ఉన్న మనిషి. మంచి కాయా, కోల్డ్ స్టోరేజీలో ముసలిదైన కాయా అన్నది బస్తా విప్పకముందే వాసనతో చెప్పేది.

చిన్న ఆహార పరిశ్రమలకు బ్యాంకు అప్పు, అందులో మూడో వంతు పైచిలుకు సబ్సిడీ అని పరిశ్రమల ఆఫీసులో చెప్పారు. కొత్త గ్రైండరు, జల్లెడ, ప్యాకింగ్ మిషను కలిపి తొమ్మిది లక్షలు. తొమ్మిదని రాస్తే ఐదిస్తారు. అందుకని కోతకు ఒక వస్తువు కావలసి వచ్చింది. మిషన్ల కంపెనీ వాడి పుస్తకంలో ఆఖరి పేజీలో కనిపించింది: ముచ్చికలు తీసే మిషను, ఆరు లక్షలు. చూడటానికే అనవసరంగా ఉంది. నాకు భలే నచ్చింది.

బ్యాంకు మేనేజరు ముందు ఎలా కూర్చోవాలో రెండు రోజులు అనుకున్నాను. ఆయన "ఇది అవసరమామ్మా" అంటాడు. నేను నిట్టూరుస్తాను. కాసేపు బతిమాలతాను. చివరికి కళ్ళు దించుకుని, "సరే సార్, మీ మాట కాదనలేక తీసేస్తున్నాను" అంటాను. ఆ నిట్టూర్పు నిజంగా బాగా కుదిరింది, అద్దం ముందు చూసుకున్నాను.

ఆయన ఫైలు మూసి, "కంగ్రాట్స్ అమ్మా" అన్నాడు.

"ఎంతకండీ?"

"మొత్తానికీ. ఈ ముచ్చికల మిషను ఉంది చూశారా, దాన్ని చూసే పైవాళ్ళు టిక్కు పెట్టారు. యాంత్రీకరణ అంటే మార్కులెక్కువ."

నిట్టూర్పు గొంతులోనే ఉండిపోయింది. "అది కాస్త ఖరీదేమోనండీ," అన్నాను.

"ఇచ్చేది మేం కదా, మీకెందుకమ్మా బెంగ?"

"పోనీ అది తీసేసి మిగతావి..."

"తీసేస్తే ఫైలు మళ్ళీ మొదటికెళ్తుంది. ఈ ఏడాది టార్గెట్ అయిపోయింది. వచ్చే ఏడు పథకం ఉంటుందో లేదో నాకే తెలీదు." ఆయన పెన్ను నా వైపు తిప్పాడు. "సంతకం పెట్టండి."

అవతలివాడు బేరం ఆడకపోతే ఏం చెయ్యాలో నాన్న నాకు నేర్పలేదు. పెట్టాను.

కొట్టుకి వెళ్ళేసరికి నాన్న చింతపండు తూస్తున్నాడు. "ఎంత తగ్గించారే?" అన్నాడు.

"తగ్గించలేదు నాన్నా."

"అసలు?"

"అసలు."

తక్కెడ దించేశాడు. కొనడానికి వచ్చినావిడ ఏమైందోనని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే మునిగావే," అన్నాడు నాన్న. "అడిగిందంతా ఇచ్చాడంటే అడగాల్సింది నువ్వు అడగలేదన్నమాట."

మిషన్లు లారీలో వచ్చిన రోజు షెడ్డులో ఎవరికీ ఏమీ చెప్పలేదు. "కొత్త గ్రైండరక్కా," అన్నాను. టార్పాలిన్ కింద గ్రైండరు కాక ఇంకో ఆకారం కూడా ఉంది. దాన్ని అందరూ చూశారు, ఎవరూ అడగలేదు. కంపెనీ నుంచి వచ్చిన మెకానిక్కు బిగించి, ఒక బస్తా కాయ పోసి స్విచ్చి వేశాడు. ఆరుగురూ పొద్దుటి నుంచి సగం కూడా ముగించని పని, వాళ్ళు మంచినీళ్ళు తాగినంతసేపట్లో అయిపోయింది. ముచ్చికలు ఒక పక్క, కాయ ఒక పక్క. మెకానిక్కు మా అందరి వైపూ తిరిగి నవ్వాడు. చప్పట్లు కొడతారనుకున్నాడు కాబోలు.

అక్క లేచి వచ్చి గుప్పెడు కాయ తీసి అరచేతిలో పరిచింది. వేలితో ఒక్కొక్కటీ కదిపింది. "మూడు విరిగినయ్. గింజ రాలిపోతంది. వీటికి ముచ్చిక అట్టానే ఉంది," అంది. తర్వాత అదే గొంతుతో, "మమ్మల్నెప్పుడు పొమ్మంటావ్, అమ్మాయ్?" అంది.

"ఎవరు పొమ్మన్నారక్కా! ఇది ఆఫీసువాళ్ళ చూపు కోసం. వాళ్ళు చూసెళ్ళాక మూలన పెడతా."

"ఆరు లక్షలు పోసి చూపు కోసం పెట్టినావా?"

ధర మెకానిక్కు చెప్పేశాడన్నమాట. ఆవిడ కాయల్ని తిరిగి బుట్టలో పోసి, వెళ్ళి పట్టా మీద కూర్చుంది.

నేను చెప్పింది అబద్ధమని అప్పటికి నాకే తెలియదు. నెలనెలా కంతు కట్టాలి, కంతు కట్టే మిషన్ని మూలన పెట్టి, ముచ్చికలకు కూలీ వేరే ఇవ్వాలి. రెండూ మోసే శక్తి నా ప్యాకెట్లకు లేదని ఆ రాత్రికే కాగితం మీద తేలింది. దానికి తోడు, సబ్సిడీ రావాలంటే బ్యాంకు మేనేజరు, పరిశ్రమల ఆఫీసు అధికారి కలిసి తనిఖీకి వస్తారు. ఫైల్లో రాసిన ప్రతి మిషనూ తిరుగుతూ కనిపించాలి. పనివాళ్ళూ కనిపించాలి. ఒక్కటి తేడా వచ్చినా సబ్సిడీ ఐదు లక్షల పాతిక వేలు వెనక్కిపోతాయి, అప్పు మొత్తం నా నెత్తిన పడుతుంది. అప్పుడు షెడ్డుకి తాళం వేసి నాన్న మెట్ల మీదికే వెళ్ళి కూర్చోవాలి.

అంటే ఆ రోజు మిషనూ కావాలి, ఆ మిషను పని లాక్కునే ఆడవాళ్ళూ దాని పక్కనే నిలబడి ఉండాలి. ఆ ఒక్క రోజు పట్టు వాళ్ళ చేతిలో ఉంటుందని నాకంటే ముందు అక్కకి అర్థమైంది.

తనిఖీ రోజు పదకొండింటికి వస్తామన్నారు. పదిన్నరకి గ్రైండరు బెల్టు చూస్తున్నాను. అక్క వచ్చి వెనక నిలబడింది.

"అమ్మాయ్, ఒక మాట."

"వాళ్ళు వెళ్ళాక మాట్లాడదాం అక్కా."

"వాళ్ళు ఎల్లినాక నువ్వు వినవు. ఇప్పుడే చెప్పాలి." నోటికి చుట్టుకున్న గుడ్డ కిందికి లాగింది. "ఆ మిషను మేమే తిప్పుతాం. నేర్పిస్తే నేర్చుకుంటాం. బయటోళ్ళని తేవద్దు. ఇంక కిలో లెక్క వద్దు, రోజు కూలీ ఇయ్యి. నాలుగొందలు. ఆరుగురికీ. అంతే."

న్యాయమైన ధర. నాకు ఆ క్షణంలోనే తెలుసు. తొడిమ మిగిలిన కాయ ఏరడానికి, విరిగినది వేరు చేయడానికి మనుషులు కావాలని మెకానిక్కు కూడా అన్నాడు. మేనేజరుకి నిజం చెబుతానని బెదిరించలేదు, ఏడవలేదు, ఏసు పేరు కూడా ఎత్తలేదు. ధర చెప్పి ఊరుకుంది. నేను సరే అంటే అయిపోయేది.

నా నోరు మాత్రం మా కొట్లో పుట్టింది. "నాలుగొందలా! మిషనొచ్చాక కూడా ఆరుగురేంటక్కా? ముగ్గురు చాలు."

"ముగ్గురా?"

"ముగ్గురే."

"ఇది ఆఖరు మాటా?"

మా కొట్లో ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు. ఆఖరు మాటే అనాలి, అని ఇంకో మెట్టు దిగడానికి సిద్ధంగా ఉండాలి. అవతలివాళ్ళు "పోనీ ఐదుగురు" అంటారు, మనం తల పట్టుకుంటాం, ఐదుకి తెగుతుంది. నేను మనసులో అప్పటికే ఐదుకి వచ్చేశాను. ఇంకాస్త గట్టిగా అడిగితే ఆరూ ఇచ్చేదాన్ని.

"ఆఖరు మాటే," అన్నాను.

అక్క వెనక్కి తిరిగింది. "లెగవే," అంది. లేచింది ఆవిడ కోడలు. ముందు కోడల్నే లేపుతుందని నేను అనుకోలేదు. ఆ తర్వాత ఇంకో ఇద్దరిని చూపించింది. "మీరు కూడా. ముగ్గురు చాలంట."

"ఏంటత్తా, ఇప్పుడా?" అంది కోడలు.

"ఇప్పుడే. ఆఫీసోళ్ళొచ్చి లెక్క పెడతారంట. ఉన్నోళ్ళనే లెక్క పెట్టుకోనీ."

ముగ్గురూ చీరలు దులుపుకున్నారు, క్యారేజీలు సంచుల్లో పెట్టుకున్నారు, చెప్పులు వేసుకున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఇది నాకు తెలిసిన ఆటే అనుకున్నాను, వెళ్ళిపోతున్నట్టు నడిచే ఆట. మా షెడ్డుకి మెట్లు లేవు. గేటు బయట కరెంటు స్తంభం ఉంది, దాన్ని రెండో మెట్టు అనుకున్నాను. వాళ్ళు స్తంభం దగ్గరికి రాగానే పిలుస్తాను. గేటు దాటారు. ఇంకో పది అడుగులు. నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడే కారు మలుపు తిరిగి వచ్చి ఆ ముగ్గురికీ నాకూ మధ్య ఆగింది.

మేనేజరు దిగాడు. వెంట పరిశ్రమల ఆఫీసు అధికారిణి, చేతిలో ట్యాబు. "నమస్తే అమ్మా, అంతా రెడీయేనా?" అంటున్నాడాయన. ఆయన భుజం మీదుగా చూశాను. ముగ్గురూ స్తంభం దాటారు. ఇప్పుడు పిలిస్తే ఎందుకు పిలుస్తున్నానో చెప్పాలి. "రెడీ సార్," అన్నాను.

మిషన్లు తిరిగాయి. అధికారిణి ఒక్కొక్కదాని ముందూ నిలబడి ఫొటో తీసింది. కారం ఘాటుకి మేనేజరు తుమ్మడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. నేను నవ్వలేదు. ముచ్చికల మిషను దగ్గర అక్క, మరో ఇద్దరు నిలబడి కాయ పోస్తున్నారు.

"ఎంతమంది పనిచేస్తున్నారు?" అధికారిణి అడిగింది.

నేను చెప్పేలోపు అక్క, "ముగ్గురమండీ," అంది.

ఆవిడ ట్యాబులో మూడు నొక్కింది. తర్వాతి ప్రశ్న కోసం నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఇంతకుముందు ఎంతమంది ఉండేవారు? అది అడిగితే అక్క ఏం చెబుతుందో నాకు తెలుసు, అబద్ధం ఆడదు. మూలన ఇంకో మూడు పట్టాలు పరిచే ఉన్నాయి. వాటి మీద ముచ్చికలు తీయని కాయ సగం కుప్పలుగా ఉంది. అధికారిణి కళ్ళు అటే వెళ్ళాయి, అక్కడే కాసేపు ఉన్నాయి.

"మిషను వచ్చాక తేలికగా ఉందామ్మా?" అని అక్కని అడిగింది.

అక్క తన రెండు చేతులూ చూసుకుంది. "చేతులు మండట్లేదండి," అంది.

"వెరీ గుడ్." ఇంకేదో నొక్కింది. ముందు ఎంతమంది అన్న గడి ఆ ట్యాబులో లేదట. తర్వాత ఒకసారి ఆఫీసుకి వెళ్ళినప్పుడు తెలిసింది. 'కల్పించిన ఉపాధి' అన్న గడి ఒక్కటే ఉంది.

వాళ్ళు వెళ్ళాక అక్కతో ఏమీ అనలేదు. ఇది నా రెండో తప్పు, దీనికి ఆఫీసుల మీద సాకు పెట్టలేను. ఒక రోజు ఆగుదాం, వాళ్ళే వస్తారు అనుకున్నాను. రాకుండా ఎక్కడికి పోతారు? వచ్చి "ఐదుగురికైనా ఇవ్వు" అంటే ఇస్తాను, దిగివచ్చింది వాళ్ళే అవుతారు. రెండో రోజూ ఆగాను. అలా వారం ఆగాను. ఆ వారమంతా గేటు చప్పుడైతే తల ఎత్తకుండా ప్యాకెట్లు కడుతున్నట్టు నటించాను, నాన్న పొట్లాలు కట్టినట్టే. వచ్చింది పాలవాడు, కరెంటు బిల్లు కొట్టేవాడు, ఒకసారి ఆవు.

ఎనిమిదో రోజు నేనే వెళ్ళాను. "అక్కా, రేపటి నుంచి ఆ ముగ్గుర్నీ రమ్మను. నాలుగొందలే. ఆరుగురికీ."

అక్క మిషను ఆపలేదు. "ముగ్గురని మీరే అన్నారుగా, మేడంగారూ. ఆఖరు మాట అన్నారు."

మేడంగారు. నాకు అది ముందు వినపడలేదు, తర్వాత వినపడింది.

"ఏదో బేరానికి అన్నానక్కా."

"మాకట్టా తెలవదండి. మీరు చెప్పింది ధరనుకున్నాం." కాయ పోసి, గింజలు ఊడ్చింది. "వాళ్ళకి వేరే పని కుదిరింది. ఒకామె సత్తెనపల్లి కాడ పత్తి తియ్యటానికి పోయింది. ఒకామె మిర్చి యార్డు పక్క షెడ్డులో ముచ్చికలకే కూర్చుంది, కిలో లెక్కే. నా కోడలు, నా కొడుకుతో చీమకుర్తి పోయింది, రాయి కోసే కాడ. అడ్వాన్సు తీసుకున్నారు. బేరం అయినాక మళ్ళా బేరమాడితే బాగోదు కదండీ."

బేరం తెగాక తిరగదోడకూడదు. ఇది కూడా మా కొట్టు మాటే. వెళ్ళి నాన్నతో చెప్పాను. "నువ్వు కొనేవాళ్ళతో ఆడాల్సింది అమ్మేవాళ్ళతో ఆడావు," అన్నాడు. "కొనేవాడు తిరిగొస్తాడు, వాడికి సరుకు కావాలి. వాళ్ళు అమ్మింది వాళ్ళ రోజుని. అది ఎక్కడైనా అమ్ముడుపోద్ది."

సబ్సిడీ వచ్చింది. జిల్లా సదస్సులో నన్ను వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పి, ముగ్గురికి ఉపాధి కల్పించిన మహిళా పారిశ్రామికవేత్త అని మైకులో చెప్పారు. పేపర్లో ఫొటో కూడా పడింది. అక్క ఆ పేపరు ముక్కని ప్యాకింగ్ బల్ల మీద పెట్టి, "ఫొటో బాగొచ్చింది, మేడంగారూ," అంది. ఎత్తిపొడుపు అనుకుందామంటే గొంతులో ఏమీ లేదు.

ఇక లెక్క. ఇది ఎవరూ అడగలేదు, అందుకే సరిగ్గా రాస్తున్నాను.

పాత పద్ధతిలో రోజుకు రెండు వందల కిలోలు, కిలోకి తొమ్మిది, నెలకు పాతిక పనిరోజులు: నలభై ఐదు వేలు. ఇప్పుడు ముగ్గురికి రోజు కూలీ నెలకు ముప్పై వేలు. ఆ ఒక్క మిషను వాటా కంతు పదకొండు వేల ఏడు వందలు. కరెంటు మూడు వేల ఐదు వందలు. విరిగి, గింజ రాలి, దుమ్ములో పోయే కాయ రోజుకు నాలుగు కిలోలు, దాని ఖరీదు నెలకు పద్దెనిమిది వేలు. మొత్తం అరవై మూడు వేల రెండు వందలు. కోతకు పెట్టిన వస్తువు నన్ను నెలకు పద్దెనిమిది వేల రెండు వందలు కోస్తోంది. సబ్సిడీ నిలవాలంటే దాన్ని తీసెయ్యకూడని మూడేళ్ళకి ఆరు లక్షల యాభై ఐదు వేల రెండు వందలు. అందులోంచి ఆ మిషను మీద వచ్చిన సబ్సిడీ రెండు లక్షల పదివేలు తీసేస్తే, నాలుగు లక్షల నలభై ఐదు వేల రెండు వందలు నా చేతి చమురు.

ఇంకోటి కూడా రాయాలి. అక్క అడిగినట్టు ఆరుగురినీ ఉంచి ఉంటే నెలకు ఇంకో ముప్పై వేలు అయ్యేవి. అంటే ఆ పొద్దున బేరంలో నేను నెలకు ముప్పై వేలు గెలిచాను. అవి మూడు ఇళ్ళలోంచి వచ్చినవి, ఇంటికి పదివేలు.

ఉపాధి: కాగితం మీద ముగ్గురు పెరిగారు. షెడ్డులో ముగ్గురు తగ్గారు. కాగితానికీ షెడ్డుకీ తేడా ఆరుగురు.